మరుగుపడిన పాటగాండ్ర ప్లేట్లు

గ్రామఫోను ప్లేట్లు కూడబెట్టుట వ్యసనమని కొందరు, విద్య యని కొందరు అందురు. రెండును కొంతవరకు నిజమే. నేను చాల యేండ్లుగా ఈ పనిలో నున్నవాడను. నా యొద్ద నున్న ప్లేట్లలో హెచ్చుభాగము అమెరికాదేశపు నల్లజాతి గాయకులు పాడినవి. వానిలోను పేరు మ్రోగినవారివి కొన్నియే. చక్కగా పాడియు మరుగుపడిపోయినవారివే అధికము. "ఎవరును వినని పాటకు ఇంత వెల పెట్టనేల?" అని మా యింటి పెద్దలు నన్ను పలుమారు అడిగిరి. ఆ ప్రశ్నకు నేడొక గాయకబృందము కథ చెప్పి సమాధానమీయ దలచితిని. ఆ బృందము పేరు ఎల్జిన్సు.

ముందుగా ఆ సంగీతమెట్టిదో చెప్పవలయును. ఇంగ్లీషున దానిని సోల్ సంగీతమందురు. సోల్ అనగా ఆత్మ. ఆఫ్రికానుండి బానిసలుగా కొనిపోబడినవారి సంతతివారు తమ క్రైస్తవ ప్రార్థనామందిరములలో పాడుకొనిన భక్తిగీతములు దీనికి పుట్టినిల్లు. అచ్చట ఒకరు పాట నెత్తుకొందురు, తక్కినవారు అందుకొందురు, చప్పట్లే తాళము. మన భజనగోష్ఠిని చూచినవారికి ఇది వింత కాదు. ఆ పద్ధతినే గైకొని, దైవమును పిలిచినచోట ప్రియుని గాని ప్రియురాలిని గాని పిలుచుచు, 1950 తరువాతి కాలమున లౌకికగీతములు కట్టిరి. పాట లౌకికమైనను గొంతులోని ఆర్తి మాత్రము మందిరములోనిదే. కనుక ఆత్మయను పేరు దానికి తగియే యున్నది.

ఈ సంగీతమునకు పెద్ద నెలవులలో నొకటి డెట్రాయిటు నగరము. అది మోటారుబండ్లు చేయు ఊరు. ఫోర్డు కంపెనీ కర్మాగారమున కొంతకాలము పని చేసిన బెర్రీ గోర్డీ యను నల్లజాతి యువకుడు 1959లో తన కుటుంబమువారి ఉమ్మడి సొమ్ములోనుండి 800 డాలర్లు అప్పు గొని, ప్లేట్ల కంపెనీ నొకదానిని స్థాపించెను. మోటారు టౌను అను మాటలను కుదించి మోటౌన్ అని పేరు పెట్టెను. వెస్టు గ్రాండు బులెవార్డు అను వీధిలో ఒక మామూలు ఇల్లు కొని, అందులోనే పాటలు పట్టు గదిని కట్టించెను. 1985 నుండి ఆ యిల్లు ప్రదర్శనశాలగా నున్నది. కర్మాగారములో బండి ఒకరి చేతినుండి మరియొకరి చేతికి సాగినట్లే అచ్చట పాటయు సాగెడిది. వ్రాయువారు వేరు, వాయించువారు వేరు, పాడువారు వేరు. వారమున కొకనాడు పెద్దలు కూడి, వచ్చిన పాటలన్నియు విని, ఏది విడుదల చేయవలయునో ఏది మూలబెట్టవలయునో తేల్చెడివారు. ఆ కంపెనీ తన ప్లేట్లను టామ్లా, మోటౌన్, గోర్డీ, సోల్, వి.ఐ.పి. అను వేరువేరు ముద్రలతో అమ్మెడిది.

ఇక మన గాయకుల కథ. జానీ డాసన్, క్లియో మిల్లర్, రాబర్ట్ ఫ్లెమింగ్ అను ముగ్గురు డౌన్‌బీట్సు అను పేరుతో 1962 నాటికే టామ్లా ముద్రపై పాడియుండిరి. ఆ ప్లేటు అమ్ముడుపోలేదు. ఆ సంవత్సరముననే సాండ్రా మాలెట్ అను యువతి కామెల్ వాక్ అను పాట నొకదానిని పాడెను. ఆమె వెనుక పాడినవారు తరువాత మిక్కిలి ప్రసిద్ధికెక్కిన వాండెల్లాసు. అదియు అమ్ముడుపోలేదు. కొంతకాలమునకు కంపెనీవారు ఆ యువతిని ఈ పురుషులతో జతపరచిరి. ఆమె అప్పటికి సాండ్రా ఎడ్వర్డ్స్. ఆమె ముందు పాడును. వారు వెంట నందుకొందురు. ఇట్లు కూడినవారు వి.ఐ.పి. ముద్రపై డార్లింగ్ బేబీ అను పాట నిచ్చిరి.

ఇచ్చట ఒక చిత్రము జరిగినది. ఆ ప్లేటు మొదట అచ్చయినప్పుడు లేబిలుమీద గాయకుల పేరు డౌన్‌బీట్సు అనియే యుండెను. తరువాత కంపెనీవారు పేరు మార్చి ఎల్జిన్సు అని వేయించిరి. ఈ క్రొత్త పేరును నిజమునకు పాతదే. టెంప్టేషన్సు అని లోకమెల్ల నెరిగిన బృందము, 1961లో ఆ పేరు పెట్టుకొనకముందు, ఎల్జిన్సు అను పేరుతో నుండెను. పెద్దవారు విడిచిన పేరు చిన్నవారికి వచ్చినది. ఈ విధముగా పాట ఒకటే, గొంతు ఒకటే, ప్లేటు అంకె ఒకటే. లేబిలుమీద పేర్లు మాత్రము రెండు. నేడు సేకరించువారు మొదటి పేరున్న ప్లేటుకే హెచ్చు వెల యిత్తురు.

1966లో డార్లింగ్ బేబీ నల్లజాతివారు వినెడి పాటల పట్టికలో 4వ స్థానమునకు వచ్చెను. దేశమంతటి పట్టికలో 72 దాటలేదు. అదే యేట హెవెన్ మస్ట్ హావ్ సెంట్ యూ అను పాట వచ్చెను. నిన్ను స్వర్గమే పంపియుండవలెనని దాని భావము. అది మొదటి పట్టికలో 9, రెండవదానిలో 50. ఆ యేడే పండ్రెండేసి పాటలు పట్టు పెద్దప్లేటు ఒకటి వెలువడెను. వారి కాలమున వెలువడిన పెద్దప్లేటు అదియొక్కటే. 1967లో బృందము విడిపోయెను.

పాటలో లోపమున్నదా యనిన, లేదు. వారి పాటలు కట్టినవారు హాలండు సోదరులిద్దరును డోజియరును. ఆ ముగ్గురి పాటలతోనే సుప్రీమ్సు అను బృందము 1964 నుండి 1967 లోపల పదిమార్లు దేశమున ప్రథమస్థానము నందెను. వాద్యములు వాయించినవారును ఆ యింటివారే. కాని కంపెనీ దృష్టియు, మంచి పాటలలో తొలివాటాయు సుప్రీమ్సు, టెంప్టేషన్సు, ఫోర్ టాప్సు వంటివారికి పోయెడివి. మర్రిచెట్టు క్రింద మొక్క మొలవదని మనవారందురు. ఎల్జిన్సు మొలచిరి గాని, ఎదుగుటకు వెలుతురు చాలలేదు.

ఇట్టి ప్లేట్లు అరుదగుటకు కారణములు నాలుగు. మొదటిది, కొననివారుండుట. అమ్ముడుపోని ప్లేటును మరల అచ్చువేయరు. రెండవది, పైన చెప్పినట్లు నడుమ పేరో లేబిలో మారుట. మూడవది, రేడియో వారికి వినిపించుటకై కొలదిగా అచ్చువేసి, అమ్మరాదని ముద్రించి పంచిన ప్లేట్లు. నాలుగవది, అచ్చువేసి విడుదల చేయక నాశము చేసినవి. గమనింపుడు: ఈ నాలుగింటిలో ఒక్కటియు పాట మంచిదని చెప్పదు, చెడ్డదనియు చెప్పదు. అరుదుదనము వేరు, విలువ వేరు. ఈ రెండింటిని కలగలిపి చూచుటయే మా బోటివారికి పట్టిన మొదటి భ్రమ.

ఆ భ్రమకు నిలయమైన దేశము, వింతగా, అమెరికా కాదు; ఇంగ్లండు. మాంచెస్టరు చుట్టుప్రక్కల నూలుమిల్లులును, కర్మాగారములును ఉన్న ఊళ్లలోని కూలిజనపు బిడ్డలు వారమంతయు పనిచేసి శనివారము రాత్రి తెల్లవారులు నృత్యము చేయుట కలవాటుపడిరి. మాంచెస్టరులో ట్విస్టెడ్ వీల్, 1973 నుండి 1981 వరకు విగన్ ఊరిలో కాసినో అను నృత్యశాలలు పేరు పొందినవి. అచ్చట మద్యము అమ్మకపోయెడివారు. వారికి కావలసినది వడిగల డెట్రాయిటు పాట. దేశము మారి క్రొత్త ఫక్కీలు వచ్చినను వారు పాతదానినే కోరిరి. తెలిసిన పాటలు విని విని అయిపోగా, పూర్వము అమ్ముడుపోని పాటలను వెదకసాగిరి. లండనులో ప్లేట్ల అంగడి నడిపిన డేవ్ గోడిన్ అను రసికుడు దీనికి నార్తర్న్ సోల్, అనగా ఉత్తరాది సోల్, అని పేరు పెట్టెను.

ప్లేట్లు వేయువారిలో పోటీ పెరిగినది. ఇతరులయొద్ద లేని ప్లేటు ఎవని యొద్ద నున్నదో వానికే జనము. అందుచే కొందరు లేబిలుమీద తెల్లకాగితము అంటించి, గాయకునకు ఒక కల్పిత నామము పెట్టి, నిజమైన పేరు దాచెడివారు. ఎదుటివాడు ఆ ప్లేటును వెదకి కొనకుండుటకై ఈ యెత్తు. తన యింటి తాళపత్రమును పరులకు చూపని పండితులను గూర్చి మీరు వినియేయుందురు. ఇది అట్టిదే. గాయకుడు ఒకసారి అంగడిలో పేరు పోగొట్టుకొనెను. తన్ను మెచ్చినవారి చేతిలోనే రెండవసారి పోగొట్టుకొనెను.

అయినను ఆ నృత్యశాలలు ఒక మేలు చేసినవి. అచ్చటివారు కోరి కోరి వినుటచేత ఇంగ్లండులోని టామ్లా మోటౌన్ వారు 1971లో హెవెన్ మస్ట్ హావ్ సెంట్ యూ ప్లేటును మరల విడుదల చేసిరి. అది ఆ దేశపు పట్టికలో 3వ స్థానమునకు వచ్చెను! బృందము విడిపోయి అప్పటికి నాలుగేండ్లు. పురుషులు మరల కూడి ఇంగ్లండు వచ్చి పాడిరి. సాండ్రా రాలేదు. ఆమెకు బదులు ఇవోన్ ఆలెన్ అను గాయని వచ్చెను. ఈ ఇవోన్ పూర్వము డోనేసు అను బృందములో ముందు పాడినది. ఆమె పాట నొకదానిని బీటిల్సు 1963లో పాడుకొనిరి. బీటిల్సు పేరు లోకమెల్ల నెరుగును. ఆమె పేరు ఎందరెరుగుదురు? జనము ఒక గొంతును ప్లేటులో మెచ్చి, మరియొక గొంతును వేదికమీద చూచిరి. ఆ గొంతు ఎవరిదని లెక్క సరిగా ఉంచువాడొకడు లేనిచో, ఇట్టివి ఒకదానిలో నొకటి కలసిపోవును.

ఇక నాకు జరిగినది చెప్పెదను. సాండ్రా 1962లో పాడిన ఆ మొదటి ప్లేటుకై నేను చాలకాలము వెదకితిని. తుదకొక వర్తకుడు తనయొద్ద కలదనెను. నాకప్పుడు వచ్చు నెలజీతము మొత్తమును ఇచ్చి కొంటిని. ఇంటికి తెచ్చి దీపము క్రింద పెట్టి చూచితిని. అద్దమువలె మెరయుచున్నది, గీత లేదు. సంతోషముతో యంత్రముమీద పెట్టితిని. గొంతు వినబడెను, కాని దాని వెనుక సన్నని గరగర యు వినబడుచుండెను. గీతలేని ప్లేటులో గరగర ఎక్కడిది? కొంతసేపటికి తెలిసినది: ఎవరో అరగిన పాత ప్లేటు నొకదానిని పాడించి, ఆ ధ్వనిని పట్టి, దొంగతనముగా క్రొత్త అచ్చు వేసిరి. అసలు ప్లేటు మీది అరుగుదల ఈ నకలులోనికి పాటతోపాటు ఎక్కినది.

అటుపిమ్మట తక్కిన గురుతులును కనబడినవి. ప్లేటులో పాట ముగిసిన తరువాత లేబిలు వరకు కొంత నునుపైన చోటుండును. అచ్చులశాలవారు అంకెలును అక్షరములును అచ్చటనే చెక్కుదురు. మోటౌన్ చిన్నప్లేట్లలో అనేకము మిషిగన్ రాష్ట్రమున ఒవాసో అను ఊరి అచ్చులశాలలో తయారైనవి. ఆ శాలవారి గురుతు అచ్చట ముద్రవేసినట్లుండును. నా ప్లేటులో అట్టిదేమియు లేదు. ఎవరో సూదితో గీకినట్లు వంకరటింకర అంకెలు మాత్రమున్నవి. లేబిలుమీది అక్షరముల అంచులు చెదరియున్నవి. ఏలయన అది లేబిలు కాదు, లేబిలును ఫొటో తీసి వేసిన అచ్చు. తొందరపాటున కొన్నప్పుడు ఇవేవియు నా కంటబడలేదు.

వారము తిరుగకముందే ఒకాయన మా యింటికి వచ్చి, నా కొయ్యబీరువాలో ఆ ప్లేటును చూచి, నేనిచ్చిన వెలయే తానిచ్చెదనని కూర్చుండెను. ఆయనకు తేడా తెలియదు. నేను మాటాడక యుండినచో నా సొమ్ము నాకు వచ్చును. ఒక గడియసేపు నా నోట మాట రాలేదని ఒప్పుకొనవలయును. పిదప అది నకలని చెప్పితిని. "అయిన పాట అదేకదా!" అని ఆయన నవ్వి లేచిపోయెను. సొమ్ము రాలేదు గాని, ఆ మాట మాత్రము నన్ను విడువలేదు. పాట అదేయైనప్పుడు నేను పోగొట్టుకొన్నదేమి?

ఆలోచింపగా నాకు తోచినది ఇది. ప్లేటులో రెండు వస్తువులున్నవి. ఒకటి పాట, రెండవది సాక్ష్యము. పాటను నకలు చేయవచ్చును. వేయి నకళ్లు చేసినను పాట తరుగదు. కాని ఫలాని యేట, ఫలాని ఊర, ఫలాని పేరుతో ఈ గొంతు లోకమునకు వచ్చినదని చెప్పునది ఆ మొదటి ప్లేటు, దాని లేబిలు, దాని చెక్కుడు అంకె. కావ్యమునకు తుది గద్య యెట్టిదో ప్లేటుకు లేబిలు అట్టిది. గద్యను చెరిపిన ప్రతిలో పద్యములు మిగులును, కవి మిగులడు. దొంగనకలు చెరుపునది దీనినే.

వెల మాట కూడ చెప్పవలయును. ఫ్రాంక్ విల్సన్ అను గాయకుడు 1965లో సోల్ ముద్రపై పాడిన డూ ఐ లవ్ యూ అను ప్లేటు విడుదల కాకయే మూలబడెను. కొలదిపాటి ప్రతులు మిగిలినవి. 2009లో వానిలో ఒకటి 25,742 పౌండ్లకు అమ్ముడయ్యెను. అంత సొమ్ములో పాడినవానికి వాటా యెంత? ఏమియు లేదు. పాత ప్లేటు చేతులు మారినప్పుడు సొమ్ము ఒక సేకర్తనుండి మరియొక సేకర్తకు పోవునే గాని గాయకుని యింటికి పోదు. దొంగనకలు అమ్మినవాడును ఈయడు. అసలుది అమ్మినవాడును ఈయడు. హక్కుదారుల అనుమతితో మరల అచ్చయినదానిని కొన్నప్పుడే పాడినవారికి గాని వారి వారసులకు గాని ఏదేని చేరుటకు దారి కలదు. 2005 నుండి మోటౌన్ చిన్నప్లేట్ల పాటలన్నిటిని సంవత్సరముల వరుసను సంపుటములుగా వెలువరించిరి. అమ్ముడుపోనివియు, సాండ్రా పాడిన ఆ మొదటి పాటయు అందులో చేరినవి. పాట వినగోరువారికి వేలు పోసి పాత ప్లేటు కొననక్కరలేదు.

అట్లయిన మా పని యేమి? మా పని లెక్క వ్రాయుట. సాండ్రా మాలెట్, సాండ్రా ఎడ్వర్డ్స్ ఒక్కరే యనియు, డౌన్‌బీట్సు పేరుతో ఉన్న డార్లింగ్ బేబీలోను, ఎల్జిన్సు పేరుతో ఉన్నదానిలోను పాడినది ఆమెయే యనియు, 1971లో వేదికమీద పాడినది మరియొకరనియు ప్రతులు ఎదురెదురుగా పెట్టి తేల్చుట మావంటివారి పని. ఆ దొంగ ప్లేటును నేను పారవేయలేదు. దాని సంచిపై నకలని పెద్ద అక్షరములతో వ్రాసి, గురుతులన్నియు క్రింద వరుసగా వ్రాసి ఉంచితిని. ఇంకొకడు మోసపోకుండుటకు అది పనికివచ్చును. అసలు ప్లేటు నా కింకను దొరకలేదు.

తుదకు మీ యిండ్ల మాట. గ్రామఫోనుల కాలమునాటి నాటకపద్యములు, హరికథలు, జానపద గేయములు పట్టిన ప్లేట్లు మన అటకలమీద నేటికిని ఉండవచ్చును. అవి 1948, 1949 ప్రాంతమున వచ్చిన పెద్దప్లేట్లకును, చిన్నప్లేట్లకును పూర్వపువి. లక్కతో చేసినవి, పడిన పగులును. ఆ ప్లేట్లకు లోకమంతట వాడిన లక్కలో హెచ్చుభాగము మన దేశమునుండియే పోయినది. వానిని ఒకదానిపై నొకటి పేర్చక నిలువుగా ఉంచుడు. ఎండ తగులనీయకుడు. స్పిరిటుతో తుడువకుడు; లక్క కరగిపోవును. మొక్కబోయిన ముల్లుతో పాడింపకుడు. అన్నిటికంటె ముందు ఒక కాగితము తీసికొని లేబిలుమీది పేరు, అంకె, పాట వ్రాసియుంచుడు. ఆ గొంతు ఏ యూరివారిదో, వారిని చూచినవారెవరో మీకు తెలిసినచో అదియు చేర్చుడు. అది లేబిలుమీద ఉండదు. మీ జ్ఞాపకమున మాత్రమే యుండును. ప్లేటు నూరేండ్లు నిలుచును. అంతకాలము నిలువలేనిది ఆ జ్ఞాపకమే.

పాత ప్లేటుకు ఇంత వెల యేల అని అడిగిన పెద్దలకు నా సమాధానము ఇదియే. వెల పెట్టవలసినది అరుదుదనమునకు కాదు. ఒక మనిషి పాడెనని, ఆ మనిషికి ఒక పేరున్నదని చెప్పు సాక్ష్యమునకు. ఇక సెలవు.